పొగ లెక్క: మా ట్రావెల్స్‌లో రెండేళ్ళు

2024 జనవరిలో బెంగళూరు నుంచి ఒక ఐటీ కంపెనీ వాళ్ళ మెయిల్ వచ్చింది. ఫిబ్రవరిలో 38 మందికి రెండు రోజుల అరకు టూర్ కావాలని. రేటు, భోజనం మెనూ, క్యాంప్‌ఫైర్, ఇవన్నీ అందరూ అడిగేవే. వాటి కింద ఒక ఎక్సెల్ షీటు జతచేశారు. అందులో 'ఈ ట్రిప్ వల్ల వెలువడే కార్బన్, కిలోల్లో' అని ఒక గడి ఉంది. మా ఆయన దాన్ని చూసి, "బండ్ల పొల్యూషన్ సర్టిఫికెట్లు స్కాన్ చేసి పంపెయ్, సరిపోతుంది" అన్నారు. పంపేశాను. రెండు రోజులకు ఫోనొచ్చింది. అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "పీయూసీ కాదు మేడమ్, నాకు నంబర్ కావాలి" అంది.

మాది విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న ట్రావెల్స్. మామయ్యగారు ఒక్క అంబాసిడర్‌తో మొదలుపెట్టారు. ఆ మెయిల్ వచ్చేనాటికి ఒక పెద్ద బస్సు, నాలుగు టెంపో ట్రావెలర్లు, ఐదు ఇన్నోవాలు ఉన్నాయి. అరకు, పాపికొండలు, అరుణాచలం, కాశీ ప్యాకేజీలు వేస్తాం. బండ్లు, డ్రైవర్లు మా ఆయన చూసుకుంటారు. బిల్లులు, జీఎస్టీ, జీతాలు నావి. నంబర్ అన్నది ఏదైనా చివరికి నా టేబుల్ మీదకే వస్తుంది కాబట్టి ఇదీ నా మీదే పడింది.

వాళ్ళకెందుకు ఈ లెక్క అని అడిగితే ఆ అమ్మాయే చెప్పింది. స్టాక్ మార్కెట్లో ఉన్న మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్ట్, అంటే పర్యావరణం, సమాజం విషయంలో కంపెనీ ఏం చేస్తోందో చెప్పే నివేదిక, ఇవ్వాలని స్టాక్ మార్కెట్‌ని పర్యవేక్షించే సెబీ పెట్టిన నియమం అట. అందులో వాళ్ళ ఉద్యోగుల ప్రయాణాల లెక్క కూడా అడుగుతున్నారట. అంటే సెబీ వాళ్ళని అడుగుతుంది, వాళ్ళు మమ్మల్ని అడుగుతారు. మేమెవర్ని అడగాలి? డీజిల్ బంకు వాడినా?

నిజానికి మొదటి లెక్క బంకు దగ్గరే తేలిపోయింది. ఒక లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎన్ని లీటర్లు పోయించామో తెలిస్తే చాలు, గుణించుకోవడమే. ఈ ముక్క మా పెద్ద డ్రైవర్‌తో అన్నాను. ఆయన మామయ్యగారి కాలం నుంచీ ఉన్న మనిషి, నేను బాబాయ్ అంటాను. ఆయన నవ్వేశారు. "లీటరు డీజిల్ తూకమేస్తే కిలో కూడా ఉండదు కదమ్మా. కిలో లేనిదానికి రెండున్నర కిలోల పొగెలా వస్తాదేటి?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఇంటర్ చదివే మా అమ్మాయి చెప్పింది. డీజిల్‌లో ఉండేది ఎక్కువగా కార్బన్. అది కాలేటప్పుడు గాలిలోంచి ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. 12 గ్రాముల కార్బన్‌కి 32 గ్రాముల ఆక్సిజన్ కలిసి 44 గ్రాములవుతుంది. అంటే ఆ బరువులో దాదాపు ముప్పావు వంతు గాలిదే. మర్నాడు బాబాయ్‌కి చెప్తే కాసేపు ఆలోచించి, "అయితే మనం గాలిని కూడా కాల్చేస్తున్నాం" అన్నారు. తర్వాత నేను చదివిన రిపోర్టుల్లో ఇంతకంటే సూటిగా చెప్పింది ఒకటీ లేదు.

ఆ బెంగళూరు టూర్‌కి బస్సు వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి అరకు వెళ్ళి, అక్కడ తిరిగి, వెనక్కి దించేదాకా 86 లీటర్లు తాగింది. అంటే 230 కిలోలు. మనిషికి ఆరు కిలోలు. గడి నింపి పంపాను. థాంక్యూ అన్నారు, అయిపోయింది. కానీ నన్ను మాత్రం ఒకటి తొలుస్తూనే ఉంది. ఆ 38 మంది బెంగళూరు నుంచి విమానంలో వచ్చి విమానంలోనే వెళ్ళారు కదా! కుతూహలం కొద్దీ అదీ వేసి చూశాను. ఎత్తులో ఎగిరేటప్పుడు వదిలే ఆవిరి, ఇతర వాయువుల ప్రభావం కూడా కలిపితే దాదాపు తొమ్మిదిన్నర టన్నులు. బస్సు టన్నులో పావు వంతు కూడా లేదు. టిక్కెట్లు వాళ్ళ ట్రావెల్ డెస్క్ బుక్ చేసింది కాబట్టి మా షీటులో ఆ గడే లేదు. పెళ్ళి ఖర్చు రాయమంటే తాంబూలాల సంచుల ఖర్చు రాసిచ్చినట్టుంది నా పని.

ఏప్రిల్‌లో సంవత్సరం లెక్కలు మూసేటప్పుడు, ఎలాగూ బిల్లులన్నీ ముందున్నాయి కదా అని మొత్తం కంపెనీకే వేద్దామని కూర్చున్నాను. దీనికి ప్రపంచమంతా వాడే పద్ధతి ఒకటుంది, జీహెచ్‌జీ ప్రోటోకాల్ అంటారు. మూడు డబ్బాలు. మన బండ్లు కాల్చింది మొదటి డబ్బా. మనం వాడిన కరెంటు కోసం ఎక్కడో థర్మల్ ప్లాంట్‌లో కాలిన బొగ్గు రెండోది. మన వ్యాపారం వల్ల ఇతరులు కాల్చింది, అంటే మేం బుక్ చేసే విమానాలు, హోటళ్ళు, బయట అద్దెకు తీసుకునే బండ్లు మూడోది. స్కోప్ వన్, టూ, త్రీ అంటారు.

2023-24లో మా డీజిల్ 58,000 లీటర్లు. 155 టన్నులు. ఆఫీసు కరెంటు ఆరు వేల యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ కరెంటుకి యూనిట్‌కి 0.7 కిలోల పైన పడుతుంది, కాబట్టి నాలుగు టన్నుల చిల్లర. హోటళ్ళ దగ్గర మాత్రం ఆగిపోయాను. మేం గదులు తీసుకునే పద్నాలుగు హోటళ్ళకి కరెంటు, జనరేటర్ డీజిల్ వివరాలు ఇమ్మని రాస్తే ఒక్కరిచ్చారు. ఇంకొకాయన ఫోన్ చేసి, "ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళేమైనా అడుగుతున్నారా అమ్మా?" అని భయపడ్డారు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఇప్పటికీ ఖాళీయే.

ఇక విమానాలు. మా కాశీ ప్యాకేజీలో వైజాగ్ నుంచి హైదరాబాద్ మీదుగా వారణాసికి తీసుకెళ్తాం. రానూపోనూ మూడు వేల కిలోమీటర్లు, మనిషికి దాదాపు 450 కిలోలు. ఆ ఏడాది 380 మందిని పంపాం. 171 టన్నులు. కాలిక్యులేటర్‌లో మూడుసార్లు కొట్టి చూశాను. పది బండ్లు ఏడాదంతా రాత్రీపగలూ తిరిగి కాల్చిన డీజిల్ ఒక పక్క, కాశీకి వెళ్ళొచ్చిన 380 మంది ఒక పక్క. బరువు కాశీ వైపే ఎక్కువ.

2018లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో వచ్చిన అధ్యయనం, ప్రపంచం మొత్తం వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల్లో ఎనిమిది శాతం టూరిజం వల్లేనని తేల్చింది. ఆ వార్త చదివినప్పుడు అదేదో పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడల సంగతి అనుకున్నాను. పిండప్రదానానికి వెళ్ళే మా చోడవరం, అనకాపల్లి వాళ్ళు కూడా అందులో ఉంటారని తట్టలేదు.

ఏం తగ్గించగలం అన్నప్పుడు మా ఆయన మొదటి మాట, "బండ్లు తిప్పకపోతే తగ్గుతుంది, ఇంట్లో కూర్చుందామా?" రెండో మాట మాత్రం పనికొచ్చేది. "జీపీఎస్ రిపోర్ట్ తీసి చూడు, బండి నిలబడి ఎంతసేపు కాలుస్తోందో తెలుస్తుంది." ప్యాసింజర్ బండ్లకి ప్రభుత్వం తప్పనిసరి చేసిన ట్రాకర్లు మా బండ్లకీ ఉన్నాయి. బండి ఎక్కడుందో చూడటానికి తప్ప మేం వాటిని ఎప్పుడూ వాడలేదు. ఇంజన్ ఆన్‌లో ఉండి, వేగం సున్నాగా ఉన్న గంటలు తీస్తే ఒక్కో టెంపోకి రోజుకి రెండున్నర గంటలు వచ్చింది. బొర్రా గుహల పార్కింగ్‌లో, అరకు మ్యూజియం దగ్గర, హోటళ్ళ ముందు. ఏసీ వేసుకుని.

దానికి ఎంత డీజిల్ పోతుందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. 'అరలీటరు' అని ఒకరు, 'నిలబడితే ఏం తాగుతుంది' అని ఇంకొకరు. ఒక ఆదివారం బాబాయ్, నేను టెంపో తీసుకుని మద్దిలపాలెం వైపు బంకుకి వెళ్ళాం. ట్యాంకు మూతిదాకా నింపించి, బండి కొంచెం ఊపి, బుడగలు పోయాక మళ్ళీ నింపించాం. పక్కన నీడలో పెట్టి, ఏసీ వేసి, సరిగ్గా రెండు గంటలు కదలకుండా కూర్చున్నాం. బాబాయ్ పేపర్ చదివారు, నేను పెండింగ్ బిల్లులు రాసుకున్నాను. బంకు కుర్రాడు రెండుసార్లు వచ్చి బండి ట్రబులిచ్చిందా అని అడిగి వెళ్ళాడు. మళ్ళీ మూతిదాకా నింపితే 2.6 లీటర్లు పట్టింది. గంటకి లీటరు ముప్పావుకి దగ్గర అని నేను తొందరపడి రాశాను, బాబాయ్ దిద్దారు. "ఒకటీ పాయింట్ మూడమ్మా. లెక్కలు నీవి గానీ డీజిల్ నాది."

కార్లు, బస్సు కూడా ఇలాగే చూసుకుంటే ఏడాదికి 6,800 లీటర్లు కేవలం నిలబడి కాల్చేస్తున్నాం. మొత్తం డీజిల్‌లో దాదాపు పన్నెండు శాతం. 18 టన్నుల పొగ సంగతి పక్కన పెట్టినా, ఆరున్నర లక్షల రూపాయలు. ఆ అంకె చూశాక మా ఆయన పొగ గురించి ఎగతాళి చేయడం మానేశారు.

డ్రైవర్ల మీటింగ్ పెట్టి 'పార్కింగ్‌లో ఇంజన్ ఆపాలి' అని చెప్పాను. అది నేను చేసిన పెద్ద తప్పు. గదంతా నిశ్శబ్దం. ఒకతను లేచి, "మేం డీజిల్ తీసుకుంటన్నామని అనుమానమా మేడమ్?" అన్నాడు. మా ఫీల్డులో డీజిల్ మాటెత్తితే దొంగతనం మాటే వినిపిస్తుంది, ఆ సంగతి నాకు తెలిసుండాల్సింది. ఇంకొకతను అడిగింది ఇంకా న్యాయం. పొద్దున్న నాలుగింటికి లేచి ఘాట్ ఎక్కిన మనిషి మే నెలలో రేకుల డబ్బాలాంటి బండిలో ఏసీ లేకుండా ఎలా పడుకుంటాడు? మళ్ళీ సాయంత్రం అదే ఘాట్ దిగాలి. నిద్ర లేకుండా దిగితే నీ కార్బన్ సంగతేమోగానీ, ముందు మనుషులు పోతారు.

ఆ రోజు మీటింగ్ ఆపేశాను. మళ్ళీ రెండు వారాల తర్వాత పెట్టినప్పుడు చేతిలో కొన్ని వస్తువులున్నాయి. ప్రతి బండికీ డిక్కీలో మడత మంచం, బ్యాటరీ మీద తిరిగే చిన్న ఫ్యాన్. అరకులో మేం భోజనాలు పెట్టించే హోటల్ వెనక ఒక గది డ్రైవర్ల కోసం నెలకి అద్దెకు తీసుకున్నాం. మిగిలిన డీజిల్ డబ్బులో సగం ఆ బండి డ్రైవర్‌దే, నెలాఖరున జీతంతో పాటు. గెస్టులు తిరిగి వచ్చేసరికి బండి చల్లగా లేకపోతే గొడవ చేస్తారు కాబట్టి, గైడు గుహల్లోంచి మెట్లెక్కేటప్పుడే డ్రైవర్‌కి ఫోన్ చేస్తాడు. పది నిమిషాల ముందు ఏసీ. అంతకుముందు గంటన్నర. ఏడాది తిరిగేసరికి ఈ ఒక్క దాంట్లోనే 3,600 లీటర్లు తగ్గింది. ఈ పద్ధతి నడిచింది డబ్బు వల్లా, మంచం వల్లా. నా ఉపన్యాసం వల్ల కాదు.

రెండో సంగతి నేను కనిపెట్టలేదు, బాబాయ్ చెప్పారు. అరకు ప్యాకేజీ అంటే మా దగ్గర అందరూ అడిగేది 'వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు'. పొద్దున్నే కిరండూల్ రైలు, అద్దాల విస్టాడోమ్ పెట్టె, 58 సొరంగాలు, పిల్లల కేకలు. అరకులో దిగగానే స్టేషన్ బయట మా బండి సిద్ధం. అక్కడ్నుంచి పద్మాపురం తోటలు, బొంగులో చికెన్, బొర్రా గుహలు చూపించి రాత్రికి వైజాగ్‌లో దించుతాం. పర్యావరణానికి మంచి ప్యాకేజీ అని నేను గర్వంగా రాసుకున్నది దీన్నే. "రైల్లో జనం పోతంటే, రోడ్డు మీద నేను ఖాళీ బండేసుకుని ఎనకాలే పోతన్నాను కదమ్మా" అన్నారు బాబాయ్. నూట పదిహేను కిలోమీటర్ల రోడ్డు, ఘాట్‌తో సహా, ఖాళీ సీట్లతో. అవతలి వైపు, రోడ్డు మీద పైకి తీసుకెళ్ళి రాత్రి అక్కడే బస చేయించే ప్యాకేజీల్లో, గెస్టుల్ని దింపేసి ఇంకో బండి ఖాళీగా కిందికి వస్తోంది. రెండు ఖాళీ బండ్లు అనంతగిరి మలుపుల్లో ఎదురెదురుగా హారన్ కొట్టుకుని పోతున్నాయి, పదేళ్ళుగా.

ఇప్పుడు పైకి వెళ్ళిన బండి రాత్రికి అక్కడే ఉంటుంది. మర్నాడు రైల్లో వచ్చినవాళ్ళని ఎక్కించుకుని దిగుతుంది. రాత్రి బస చేసినవాళ్ళని అరకు కుర్రాడొకడు తన సొంత జీపులో తిప్పుతాడు, దించేటప్పుడు మరో బండితో కలుపుతాం. చెప్పడానికి తేలిక. బుకింగులు జత కుదర్చడం నాకు రోజూ సుడోకు ఆడినట్టుంటుంది. కుదరని రోజులు వారానికి రెండైనా ఉంటాయి. అయినా ఏడాదిలో రెండు వందల పైచిలుకు ఖాళీ ట్రిప్పులు తప్పాయి. 2,900 లీటర్లు.

టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్, ఎనభై దాటకుండా నడపడం, ఇవన్నీ చేశాం. వీటి గురించి ఎక్కడ చూసినా రాసే ఉంటుంది. గెస్టులకి చిన్న సీసాల బదులు ఇరవై లీటర్ల క్యాన్ పెట్టాం. కార్బన్ లెక్కలో అది కనిపించనంత చిన్నది. అందరూ మెచ్చుకున్నది మాత్రం దాన్నే. అలా ఉంటుంది.

2024 అక్టోబర్‌లో పాత ఇన్నోవా ఒకటి అమ్మేసి ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. ఎయిర్‌పోర్ట్, సింహాచలం, రుషికొండ, ఊళ్ళో పనులకి. ఘాట్ భయం మాకూ ఉండేది. కానీ తిరుమల కొండ మీదికి 2022 నుంచి ఆర్టీసీ వాళ్ళు ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిప్పుతున్నారు కదా అని ధైర్యం చేసి ఒకసారి అరకు పంపాం. ఎక్కేటప్పుడు బ్యాటరీ కళ్ళముందే కరిగిపోయింది, దిగేటప్పుడు కొంత తిరిగి నిండింది. డ్రైవర్ టెన్షన్ మాత్రం ఇంటికొచ్చాకే దిగింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. షోరూమ్‌లో 'జీరో ఎమిషన్' అని రాసుంటుంది. మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే. యూనిట్‌కి ఆరున్నర కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకి 110 గ్రాములు పడుతుంది. ఇన్నోవాకి 230 గ్రాములు. సగానికి తగ్గింది, సున్నా కాలేదు. మా బ్రోషర్‌లో సగం అనే వేశాం. డిజైన్ చేసే అబ్బాయి, "సగం అంటే ఎవరు చూస్తారు మేడమ్" అన్నాడు.

ఇక విమానాలు. అసలు బరువు అక్కడే ఉందని తెలిసీ చివరికి వదిలేశాను. ఎందుకంటే అది మన చేతిలోది కాదు, ఎదురుగా కూర్చున్న కస్టమర్ చేతిలోది. వైజాగ్ నుంచి బనారస్‌కి నేరుగా రైలు ఉంది, కానీ రోజూ ఉండదు, ఒక రాత్రి, ఒక పగలు దాటి పడుతుంది. విమానంతో పోలిస్తే కార్బన్ పదో వంతు కూడా ఉండదు. 'వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం' అని కొత్త ప్యాకేజీ వేశాం. కాశీకి వెళ్ళేటప్పుడు అందరికీ ఓపిక ఉంటుంది. పులిహోర డబ్బాలు, భజనలు, పక్క బెర్తు వాళ్ళతో చుట్టరికాలు. వచ్చేటప్పుడే గంగ చెంబులు పట్టుకుని ఎప్పుడు ఇంటికి చేరతామా అని ఉంటుంది. ఒకావిడ నా ముందే కూర్చుని, "టిక్కెట్ డబ్బులు మిగుల్చుకోడానికి ఈ కార్బన్ కథ చెప్తున్నావు కదమ్మా" అంది. మిగిలేది ఆవిడకే అని బిల్లు చూపిస్తే, ఇద్దరు చెల్లెళ్ళని కూడా కలుపుకుని రైలు ప్యాకేజీయే తీసుకుంది.

ఇంతలో కుంభమేళా వచ్చింది. 2025 జనవరి 13 నుంచి ఫిబ్రవరి 26 దాకా. ఫోన్లు ఆగలేదు. రైళ్ళు దొరకలేదు. విమానమైనా సరే, ఎంతైనా సరే అన్నారు. మేం వద్దంటే పక్క ట్రావెల్స్‌కి వెళ్తారు. వద్దనలేదు. ఆ ఏడాది 510 మందిని పంపాం, అందులో 190 మందే ఒకవైపు రైలు. మార్చి 31న లెక్క మూశాను. డీజిల్ 58,000 నుంచి 49,500 లీటర్లకి దిగింది, అంటే దాదాపు 23 టన్నులు తగ్గింది. కొత్త కారు కరెంటుకి రెండున్నర టన్నులు పెరిగింది. విమానాలు 171 నుంచి 187కి పెరిగాయి. ఏడాదంతా మంచాలు కొని, గదులు అద్దెకు తీసుకుని, బుకింగుల సుడోకు ఆడి, నికరంగా తగ్గించింది నాలుగున్నర టన్నులు! ఇన్నోవా అమ్మిన డబ్బు, డీజిల్‌లో మిగిలిన ఎనిమిది లక్షలు చూసి మా ఆయన సంతోషంగా ఉన్నారు. నేను ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు.

ఆఫ్‌సెట్ అంటే మనం వదిలిన కార్బన్‌కి బదులుగా ఇంకోచోట తగ్గించే పనికి డబ్బు కట్టడం. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మొదటి ఏడాది జూలైలోనే, వీటి గురించి ఇంకా ఏమీ తెలియకముందే, ఒక సంస్థ వాళ్ళు ఆఫీసుకి వచ్చారు. మొక్కకి వంద రూపాయలు. 600 మొక్కలు మా పేరు మీద నాటుతారు, ఫోటోలు, లొకేషన్లు పంపుతారు, 'కార్బన్ న్యూట్రల్ ట్రావెల్స్' అని సర్టిఫికెట్ ఇస్తారు. అరవై వేలు ఇచ్చాం. సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్‌లో పెట్టాం. మా మామయ్యగారి ఫోటో పక్కన.

2025 ఏప్రిల్‌లో, లెక్క మూసిన బాధలో ఉన్నానేమో, ఆ మొక్కలు చూసొద్దామనిపించింది. విజయనగరం వైపు ఒక ఊరి బంజరు. ఫోన్‌లో లొకేషన్ పెట్టుకుని బాబాయ్, నేను వెళ్ళాం. మా పేరున్న బోర్డు దూరం నుంచే కనబడింది, రంగు కూడా పోలేదు. దాని వెనక గుంటలు వరసగా ఉన్నాయి. ఎండిన పుల్లలు, ప్లాస్టిక్ కవర్లతోనే పాతేసిన వేళ్ళు. చీరకొంగు నెత్తిన వేసుకుని వరస వరసా లెక్కపెట్టాను. 141 బతికి ఉన్నాయి. అక్కడ మేకలు మేపుకునే ముసలాయన మమ్మల్ని చూసి దగ్గరకి వచ్చాడు. "నాటిన్నాడు బానే ఫోటోలు తీసుకున్నారమ్మా. నీళ్ళు పోసేవోడు మళ్ళీ రాలేదు. నా మేకలకి మాత్రం పండగే అయింది" అన్నాడు. దాచడానికేమీ లేదన్నట్టు మేకల్ని అదిలించను కూడా లేదు.

తప్పు ఆ సంస్థది ఒక్కదానిదే కాదు. నేను గుణకారం చేయలేదు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చేది ఇరవై కిలోల చుట్టూ అంటారు. 600 మొక్కలూ బతికి, పదేళ్ళకి చెట్లయినా ఏడాదికి 12 టన్నులు. మా లెక్క 330. ఆ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళూ, దాన్ని ఫ్రేమ్ కట్టించిన నేనూ ఇద్దరం ఆ ఒక్క గుణకారం చేయలేదు.

తర్వాత కొంత చదివాను. ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను తగ్గించినట్టు ఇచ్చే పత్రం. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ లాంటి సంస్థలు ప్రాజెక్టుల్ని పరిశీలించి వాటిని జారీ చేస్తాయి. ఆ పేర్లున్నంత మాత్రాన కళ్ళు మూసుకుని కొనొచ్చనీ కాదు. 2023 జనవరిలో బ్రిటన్ గార్డియన్ పత్రిక, ఇంకో రెండు సంస్థలతో కలిసి పరిశోధించి, వెర్రా ఇచ్చిన వర్షారణ్యాల క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపు చూపడం లేదని రాసింది. వెర్రా ఆ లెక్క తప్పంది. ఇద్దరిలో ఎవరిది సరైనా, 'నేను డబ్బివ్వకపోతే ఈ పని జరిగేది కాదు' అని చూపించడమే దీంట్లో అసలు కష్టం. ఎలాగూ లాభానికి కట్టే సోలార్ ప్లాంట్‌కి నేను డబ్బిస్తే కొత్తగా తగ్గిందేమిటి? మన దేశపు గ్రిడ్ సోలార్, గాలిమరల క్రెడిట్లు చవగ్గా దొరికేది అందుకే.

మాకంటే ముందు ఈ దారిలో వెళ్ళిన ట్రావెల్ కంపెనీలేం చేశాయో కూడా చూశాను. బ్రిటన్‌లో రెస్పాన్సిబుల్ ట్రావెల్ అనే కంపెనీ 2002లోనే కస్టమర్లకి ఆఫ్‌సెట్లు అమ్మడం మొదలుపెట్టి, 2009లో మానేసింది. డబ్బు కట్టేశాం కదా అని జనం ప్రయాణాలు తగ్గించుకోవడం మానేస్తున్నారన్నది వాళ్ళ బాధ. చిన్నప్పుడు మా అమ్మమ్మ హుండీలో వేసే డబ్బుల గురించి అనే మాట గుర్తొచ్చింది. ఆవిడ కాస్త మోటుగా అనేది, ఇక్కడ రాయలేను.

ఇంకో ఆశ్చర్యం. వారానికి మూడుసార్లు మా బండ్లు ఆగే అరకు కొండల మీదే నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి లైవ్లీహుడ్స్ ఫండ్ అనే యూరప్ కంపెనీల నిధి గిరిజన రైతుల చేత కాఫీ, పండ్ల చెట్లు లక్షల్లో నాటించింది. ఆ క్రెడిట్లు పెట్టుబడి పెట్టిన కంపెనీలకి వెళ్తాయి. మా గెస్టులు ఆ కాఫీ తాగి ఫోటోలు దిగుతారు. చెట్టు నాటినవాడికి దాని పండ్లూ, కాఫీ డబ్బూ వస్తుంటే మేకని వాడే అదిలిస్తాడు. నా 600 మొక్కలకి లేనిది అదే.

చివరికి మేం కొన్నది ఇళ్ళల్లో పెట్టే బయోగ్యాస్ ప్రాజెక్టు క్రెడిట్లు. కట్టెల పొయ్యి పోతుంది, పేడ గుంత గ్యాస్ వస్తుంది, లెక్క కళ్ళకి కనబడుతుంది. మన సరిహద్దు దాటగానే కర్ణాటకలో ఉన్న బాగేపల్లిలో కూలీ సంఘం వాళ్ళు 2005లోనే ఇలాంటి ప్రాజెక్టు నమోదు చేయించారని చదివి ఆ రకం మీద నమ్మకం కుదిరింది. మొదట మాట్లాడిన బ్రోకర్ ఆకు బొమ్మ ఉన్న పీడీఎఫ్ ఒకటి పంపాడు. సీరియల్ నంబర్లు అడిగితే ఫోన్ ఎత్తడం మానేశాడు. రెండో అతను మా కంపెనీ పేరు మీదే క్రెడిట్లు 'రిటైర్' చేయించాడు. అంటే అవి ఇంకెవరికీ అమ్మకుండా రిజిస్ట్రీలో కొట్టేయించడం. ఎవరైనా సైట్‌లో చూసుకోవచ్చు, నేను నాలుగుసార్లు చూసుకున్నాను. మా సొంత డీజిల్‌కి సరిపడా 133 టన్నులు, లక్ష రూపాయల లోపు. డీజిల్‌లో మిగిలిన డబ్బులోంచే. విమానాలకి కొనలేదు. బదులుగా ప్రతి ప్యాకేజీ కోట్‌లో ధర పక్కనే కిలోలు కూడా వేస్తున్నాం. విమానం 450, ఒకవైపు రైలు 225 ప్లస్ కొంచెం. చాలామంది చూడరు. చూసినవాళ్ళు అడుగుతారు. అడిగినవాళ్ళలో కొందరు మారతారు.

బెంగళూరు కంపెనీ మళ్ళీ రాసింది. ఈసారి విమానాల గడి కూడా పెట్టమని నేనే వాళ్ళకి రాశాను, మీ దగ్గరవాళ్ళకి గండికోట, లేపాక్షి దగ్గర కదా అని కూడా రాశాను. ఆ వాక్యం చూసి మా ఆయన తల పట్టుకున్నారు, చేతికొచ్చిన పార్టీని కడపకి పంపేస్తున్నావని. వాళ్ళు లేపాక్షి వెళ్ళలేదు. బెంగళూరు టీమ్ విమానంలోనే వచ్చింది. హైదరాబాద్ ఆఫీసు వాళ్ళు 22 మంది మాత్రం వందేభారత్ ఎక్కి, ఎనిమిదిన్నర గంటలు అంత్యాక్షరి పాడుకుంటూ వచ్చి వైజాగ్‌లో దిగారు. గొంతులు పోయి ఉన్నాయి.

రిసెప్షన్‌లో సర్టిఫికెట్ తీసేశాం. ఆ మేకలాయనకి నెలకి కొంత పంపుతున్నాం, కంచె వేయించి, 141 మొక్కలకి నీళ్ళు పోయడానికి. బాబాయ్ అటువైపు ట్రిప్ పడినప్పుడల్లా చూసొచ్చి అంకె చెప్తారు. మొన్నటికి 136 ఉన్నాయట. కార్బన్ షీటులో వాటిని ఎక్కడా రాయలేదు, ఆ డబ్బు 'ఇతర ఖర్చులు' కింద పోతోంది.